చేతులమ్మ వైద్యం

చేతులమ్మ దగ్గర మధ్యాహ్నం విప్పిన గుట్టు, దీపాలు పెట్టే వేళకు వీధి చివరి బేకరీ దాకా చేరుతుందని చెప్పుకునేవాళ్ళు. దానంతటది చేరదట, ఆమే మోసుకెళ్తుందట. ఒక చేత్తో బాధ తీసుకుంటుంది, రెండో చేత్తో అమ్ముకుంటుంది అని బేకరీ ఆయన అనేవాడు. ఎవరికి అమ్ముతుంది, కొనేవాళ్ళు ఎవరు అని అడిగితే మాత్రం ఆయనకు పొయ్యిలో రొట్టెలు గుర్తొచ్చేవి.

ఆ మాటకు ఆధారాలు లేకపోలేదు. వ్యాను డ్రైవరు భార్య పెళ్ళికి ముందు ఇంకొకరితో తనకు మాట నడిచిందని ఆ గదిలో చెప్పుకుని ఏడ్చింది. వారం తిరక్కుండానే డ్రైవరు పళ్ళెం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. పాల డిపో గుమాస్తా, తన తండ్రి చావుబతుకుల్లో ఉన్న రోజు తాను సినిమా హాల్లో కూర్చున్నానని చెప్పుకుని గుండె బరువు దింపుకున్నాడు. మర్నాడు పాలకు వచ్చినవాళ్ళంతా ఆయన ముఖంలోకి అదోలా చూసి గిన్నెలు పట్టారు. అయినా ఆ మెట్లు ఎక్కేవాళ్ళు తగ్గలేదు. మునిగేవాడు గడ్డిపరకను పట్టుకునేటప్పుడు దాని గుణగణాలు అడగడు కదా.

ఆమె గది మేడమీద. కింద టైలరింగ్ షాపు. షాపు పక్క నుంచి ఇనుప మెట్లు పైకి వెళ్తాయి. మెట్లు ఆగినచోట చిన్న వసారా, అందులో ఒక బెంచీ, బెంచీ వెనకనే గదికి అడ్డంగా కొట్టిన ప్లైవుడ్ గోడ. తలుపు మీద ఎర్ర అక్షరాలతో 'శక్తి చికిత్స. మనసు బరువు దించబడును' అని రాసి ఉంటుంది. షాపు మాస్టారు ఆ బోర్డు కంట పడినప్పుడల్లా, లారీల స్టాండులో పెట్టాల్సింది పొరపాటున ఇక్కడ పెట్టారని అనేవాడు.

ఆ షాపులో కాజాలు కుట్టే పిల్ల చిట్టి. ఆమె పీట సరిగ్గా ఆ ఇనుప మెట్ల కిందికి వస్తుంది. తల వంచుకుని బొత్తాం పట్టేంత చీలిక చుట్టూ దారం తిప్పుతూ ఉంటుంది గానీ, పైకి ఎవరు వెళ్ళిందీ ఎవరు దిగిందీ అడుగుల చప్పుడును బట్టి చెప్పగలదు. మాట్లాడమంటే మాత్రం కొనవూపిరితో మాట్లాడుతుంది. ఈ పిల్లకు నోట్లో కూడా కాజాయే ఉంది, బొత్తాం పెట్టేసుకుంది అని మాస్టారు వేళాకోళం చేసేవాడు.

కాళ్ళు ఈడ్చుకుంటూ ఎక్కినవాళ్ళు దిగేటప్పుడు టకటకా దిగేవాళ్ళు. చిట్టికి అనుమానం పుట్టింది అక్కడే. పదేళ్ళ బాధ కాసేపటిలో దిగిపోతుందా? కొత్త చొక్కా ఎవరికైనా మొదటి ఉతుకు దాకా అందంగానే ఉంటుంది. ఆ తరవాత కదా కుట్టు సంగతి తేలేది.

చేతులమ్మ తీరు కూడా ఆ అనుమానానికి ఎరువు వేసినట్టే ఉండేది. పొడుగు మనిషి. చేతులు పెద్దవి, వేళ్ళ కణుపులు ముడులు దేరి ఉండేవి. పొద్దున్నే ఫ్లాస్కు చంకన పెట్టుకుని వచ్చి, షాపు ముందు నుంచే పైకి వెళ్ళేది. మాస్టారు వెనక నుంచి, బాగున్నారా అమ్మా అని పలకరిస్తే తల తిప్పేది కాదు. ఎదురుపడి పలకరిస్తే మాత్రం నిండుగా నవ్వేది. అది చూసి మాస్టారు, "ఉన్న శక్తంతా చేతుల్లోకే పోయింది. మర్యాదకు చుక్క మిగల్లేదు" అన్నాడు.

ఆమె వైద్యం ఎలా ఉంటుందో వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పగా చిట్టి వింది. మనిషిని కిటికీ ఎదురుగా, వెలుగంతా ముఖం మీద పడేలా కూర్చోబెడుతుంది. తను ఎదురుగా కూర్చుని రెప్ప వెయ్యకుండా ముఖమే చూస్తుంది. ముందు అరచేతులు రెండూ ఒంటికి తగలకుండా, బెత్తెడు ఎడంలో తల నుంచి పొట్ట దాకా ఆడిస్తుంది. ఒంట్లో శక్తి కాలువలా పారుతుందట. బాధ చెత్తలా అడ్డుపడుతుందట. అడ్డుపడిన చోటు తెలిశాక వేలికొసలతో తట్టడం మొదలుపెడుతుంది. కనుబొమ్మ మొదట్లో, కంటి కింద, పెదవి పైన, మెడ దగ్గరి ఎముక మీద. ఆమె తడుతుంటే మనిషి తన బాధ పైకి చెప్పాలి. ఒకసారి చెబితే చాలదు. ఇంకొంచెం గట్టిగా అంటుంది. మళ్ళీ చెబితే, ఇంకా గట్టిగా అంటుంది. గొణిగితే లోపలే ఉండిపోతుంది, గొంతెత్తితేనే గడప దాటుతుంది అని ఆమె సూత్రం. ఆ సూత్రం వీధికి తెగ నచ్చింది. ఇళ్ళల్లో పెళ్ళాల మీద అరిచే మొగుళ్ళు కూడా, కోపం కాదు, చికిత్స చేసుకుంటున్నాం అనడం నేర్చుకున్నారు.

ఇదంతా చిట్టికి చోద్యంగానే ఉండేది, అక్కను ఆ మెట్లెక్కిస్తారని తెలిసేదాకా.

అక్కది పక్క వీధి. భర్త, అత్తగారు, ఆమె, ముగ్గురే. ఏడో నెలలో కడుపులో బిడ్డ పోయింది. అప్పటి నుంచి అక్కకు నిద్ర లేదు. పొయ్యి మీద పాలు పెట్టి పొంగి పొర్లినా చూస్తూ నిలబడేది. ఆసుపత్రి డాక్టరమ్మ, ఒళ్ళు కోలుకుంది, మనసు చూసే డాక్టరు వేరే ఉన్నారు, వెళ్ళండి అని చీటీ రాసిచ్చింది. ఆ మాటకు అత్తగారు హడలిపోయింది. ఆ డాక్టరు గుమ్మం తొక్కితే కోడలికి పిచ్చి అని నలుగురూ అంటారు. మేడమీదికి వెళ్తే అనరు, అక్కడికి అందరూ వెళ్తారు. అత్తగారు చెడ్డ మనిషేమీ కాదు. బిడ్డ కోసమని మెత్తటి పాత గుడ్డలు ఏరి, ఉతికి, చిన్నచిన్న చొక్కాలు కత్తిరించి పెట్టుకుంది. బిడ్డ పోయాక వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి నడుమునే ఉంచుకుంది.

అక్క దాచుకున్న సంగతి చిట్టికొక్కదానికే తెలుసు. కడుపు నిలిచిన మొదటి రోజుల్లో అక్కకు ఆ బిడ్డ వద్దనిపించింది. అప్పుడే తను పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో ఆమెను కత్తిరింపు విభాగానికి పెద్దను చేస్తామన్నారు. రోజూ పొద్దున లేచి, ఇప్పుడు రాకుండా ఉంటే బాగుండు అనుకునేది. తరవాత ఆ ఊహ పోయింది, బిడ్డ మీద మమకారం పుట్టింది, పేరు కూడా అనుకుంది. అప్పుడు బిడ్డ పోయింది. నేను కోరుకున్నాను, అదే జరిగింది అని అక్క చిట్టి ఒళ్ళో తల పెట్టుకుని చెప్పింది.

ఆ మాట అత్తగారి చెవిన పడితే ఆ ఇంట్లో అక్కకు గుక్కెడు నీళ్ళు పుట్టవు. చిట్టికి అందులో సందేహం లేదు. చేతులమ్మ గదిలో పడ్డాక అత్తగారి చెవిన పడకుండా ఉండదు, అందులోనూ లేదు. ఆ రోజే అక్క దగ్గరికి వెళ్ళింది. అక్క గిన్నెలు తోముతోంది.

"అక్కడ అది చెప్పకే. ఇంకేదైనా చెప్పు. తలనొప్పి అని చెప్పు" అంది చిట్టి.

"తలనొప్పికి అంత దూరం ఎందుకు? మాత్ర వేసుకుంటాను."

"ఆవిడ ఊరంతా చాటుతుందే అక్కా."

అక్క గిన్నె మీద చెయ్యి ఆపింది. "చాటితే చాటనీవే. లోపల పెట్టుకుని నాకు ఊపిరి ఆడట్లేదు" అని మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

అక్కను ఆపడం తన వల్ల కాదని చిట్టికి తెలిసిపోయింది. మిగిలిన దారి ఒకటే. చేతులమ్మ దొంగతనాన్ని కళ్ళారా పట్టుకోవాలి, పట్టుకుని అత్తగారికి చూపించాలి, అప్పుడు ఆవిడే కోడల్ని పంపడం మానుకుంటుంది. పట్టుకోవడానికి చిట్టి ఒక అబద్ధం తయారుచేసింది. మర్నాడు భోజనాల వేళ, షాపులో అంతా ఇళ్ళకు వెళ్ళాక, జీవితంలో మొదటిసారి ఆ మెట్లెక్కింది.

వసారాలో బెంచీ మీద బేకరీ ఆయన భార్య గోడకు తల ఆనించి కునుకు తీస్తోంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. రోజూ వచ్చి, తన వంతు వచ్చేదాకా అక్కడే జోగుతుంది.

లోపల చేతులమ్మ చిట్టిని కిటికీ ఎదురుగా కూర్చోబెట్టింది. అరచేతులు దగ్గరికి వస్తుంటే, చలికాలం ఇస్త్రీపెట్టె పక్కన కూర్చున్నట్టు వెచ్చగా అనిపించింది. మనుషుల చేతులు వెచ్చగానే ఉంటాయి, అందులో శక్తి ఏముంది అని చిట్టి మనసులోనే ఒక ముడి వేసుకుంది. వేళ్ళు కంటి కింద తట్టడం మొదలయ్యాక అబద్ధం బయటికి తీసింది. షాపులో నల్లకోటు కాల్చింది తనేనట, ఆ నేరం ఇస్త్రీ ఆయన మీదికి తోసిందట, దాంతో నిద్ర పట్టడం లేదట. నిజానికి షాపులో ఏ కోటూ కాలలేదు. నల్లకోటు అసలు లేనే లేదు.

"ఇంకొంచెం గట్టిగా" అంది చేతులమ్మ.

చిట్టి గొంతు పెంచింది. "ఇంకా గట్టిగా" అంది చేతులమ్మ. చిట్టి చెవులు ఎర్రబడేలా అరిచింది. అబద్ధమే అయినా మూడోసారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దానికి తన మీద తనకే ఒళ్ళు మండింది. చేతులమ్మ ఆ నీళ్ళు చూసి తట్టడం ఆపింది. చిట్టి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"పోయినవాళ్ళు తిరిగిరారమ్మా. నువ్వు బాగుంటే వాళ్ళూ బాగున్నట్టే" అంది.

చిట్టి ఆమె ముఖంలోకి చూసింది. కోటు కాలిపోయిందంటే ఈ ఓదార్పు ఏమిటి? అందరికీ ఒకే మందు, ఒకే మాట. కొలతలు తీసుకోకుండా బట్ట కత్తిరించే రకం అని తేల్చుకుని కిందికి దిగింది. బెంచీ మీద బేకరీ ఆవిడ ఇంకా కళ్ళు మూసుకునే ఉంది.

చీకటి పడకముందే ఇస్త్రీ ఆయన షాపుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా మీ బట్టలకు ఒక్క మచ్చ పడనిచ్చానా, ఎవరో కోటు కాల్చి నా నెత్తిన రుద్దితే ఊరుకుంటారా అని మాస్టారిని నిలదీశాడు. ఏ కోటు, ఎవరి కోటు అని మాస్టారు బీరువా తలుపులు తెరిచి మరీ వెతుక్కున్నాడు. చివరికి ఇద్దరూ చిట్టి వైపు తిరిగారు. ఊరికే సరదాకు అన్నానని చిట్టి తల వంచుకుని చెప్పింది. ఇద్దరూ కలిసి ఆమెను చెడామడా తిట్టారు. అన్ని తిట్లు పడుతున్నా ఆమెకు లోపల తృప్తిగానే ఉంది. దొంగ దొరికింది. రేపు పొద్దున్నే అత్తగారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాలి.

కానీ పొద్దున్నే, పీట మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించేలోపే, నెత్తిమీద రెండు జతల అడుగులు వినిపించాయి. ఒకటి బరువుగా, ఆగి ఆగి. ఇంకొకటి వెనకాలే తరుముతున్నట్టు. మొదటిది అక్కది. రెండోది అత్తగారిది. ఎండ ముదరకముందే పని కానిచ్చుకుందామని ఆవిడ ముందుగా బయల్దేరదీసినట్టుంది.

చిట్టి సూది అలాగే గుడ్డకు గుచ్చి పైకి పరుగెత్తింది. తలుపు అప్పటికే మూసి ఉంది. బెంచీ మీద ఈ చివర అత్తగారు, ఆ చివర బేకరీ ఆవిడ. అత్తగారు చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని బొంగురు దగ్గు దగ్గుతోంది. బేకరీ ఆవిడ గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

చిట్టి నోరు తెరవబోయింది. అప్పుడే లోపల నుంచి చేతులమ్మ గొంతు, "ఇంకొంచెం గట్టిగా" అనడం వినిపించింది. వెంటనే అక్క గొంతు, దుప్పటి చాటు నుంచి మాట్లాడినట్టుగా, "నాకే వద్దనిపించింది" అంది.

అత్తగారు దగ్గులో ఉంది, వినలేదు. బేకరీ ఆవిడ మూసిన రెప్పల కింద కనుగుడ్లు మాత్రం గోడ వైపుకు కదిలాయి. గోడకు ఆనించింది తల కాదు, చెవి.

నిన్న తన అరుపు ఎటు వెళ్ళిందో, డ్రైవరు భార్య ఏడుపు ఎటు వెళ్ళిందో, గుమాస్తా సినిమా కథ ఎటు వెళ్ళిందో చిట్టికి ఒక్కసారిగా తెలిసిపోయింది. గుట్టు మోయడానికి మనిషే అక్కర్లేదు, ప్లైవుడ్ చాలు. కింద మిషన్లు ఆగకుండా ఆడుతుంటాయి కాబట్టి షాపులో ఎవరికీ ఇది తట్టలేదు. ఇప్పుడు అత్తగారి దగ్గు తగ్గింది. మూడోసారి మిగిలి ఉంది. మూడోసారి ఎంత గట్టిగా ఉంటుందో చిట్టికి తెలుసు.

"ఇంకా గట్టిగా" అంది లోపలి గొంతు.

"అత్తమ్మా!" అని చిట్టి అరిచింది.

అత్తగారి ఒళ్ళో నుంచి సంచి కింద పడింది. చిట్టి ఆగలేదు. "నల్లకోటు నేను కాల్చలేదత్తమ్మా! అసలు కోటే లేదు! మాస్టారు నమ్మట్లేదు, ఇస్త్రీ ఆయన నమ్మట్లేదు, మీరైనా నమ్మండి!" కోటు సంగతి అయిపోయింది. ఇంకేం అరవాలో తోచక, చేతికి వచ్చిన పనే నోటికి తెచ్చుకుంది. చొక్కాకు కాజాలు నిలువుగా కుట్టాలని, కాలరుకు అడ్డంగా కుట్టాలని, కోటుకైతే కొసన గుండ్రంగా తిప్పాలని, దారం మైనంలో లాగకపోతే చిక్కుపడుతుందని గొంతు చించుకుని చెప్పింది. కింద మిషన్లు ఆగిపోయాయి. ఎవరే అది, మన పిల్లేనా అని మాస్టారు మెట్ల మొదట్లో నిలబడి, నమ్మలేక, ఇంకోసారి చూశాడు. బేకరీ ఆవిడ కళ్ళు పూర్తిగా తెరిచింది. అంత గొడవలోనూ తలుపు మాత్రం తెరుచుకోలేదు. లోపల ఎవరూ లేచిన అలికిడి కూడా లేదు.

చిట్టికి ఊపిరి అందక ఆగేసరికి లోపల అంతా అయిపోయింది. అక్క బయటికి వచ్చింది. ముఖం ఉబ్బి ఉంది, కానీ భుజాలు కిందికి దిగి ఉన్నాయి. ఆమె చెల్లెల్ని చూసింది, తలుపును చూసింది. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని చేతులమ్మతో, "వీలైతే ఈ పిల్లకు కూడా కాస్త చూడండమ్మా. మా దానికన్నా దీనికే ముదిరింది" అంది.

చేతులమ్మ అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. మెట్ల మొదట్లో మాస్టారు, వసారాలో రొప్పుతున్న చిట్టి, కింద పడిన సంచి. "ఏమైంది? ఎవరైనా పడ్డారా?" అని అడిగింది.

ఆ ప్రశ్న చిట్టిని రోజంతా సూదిలా గుచ్చుతూనే ఉంది. షాపు మూసే వేళ మళ్ళీ పైకి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. చేతులమ్మ వీపు ఇటు పెట్టి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటోంది. అమ్మా అని చిట్టి పిలిచింది. కొంచెం గట్టిగా పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. ఆమె తాపీగా వేళ్ళ సందులు రుద్దుకుంటూనే ఉంది. చిట్టి దగ్గరికి వెళ్ళి భుజం తట్టాక ఉలిక్కిపడి తిరిగింది. తిరిగిన మరుక్షణం ఆమె చూపు చిట్టి కళ్ళ మీద కాదు, పెదవుల మీద ఆగింది.

"మీరు నేర్చుకున్నచోట గట్టిగా చెప్పించమన్నారా?" అని అడిగింది చిట్టి, ఒక్కొక్క మాటే విడదీసి.

చేతులమ్మ చేతులు తుడుచుకుంది. దాచాలా వద్దా అని తేల్చుకుంటున్నట్టు ఆ తుడవడం చాలాసేపు సాగింది. "క్లాసులో అయితే మనసులో అనుకుంటే చాలన్నారు. వాళ్ళు మనసులో అనుకుంటే ఎప్పుడు అయిపోయిందో నాకెలా తెలియాలి? గట్టిగా అంటే ముఖం నిండా వస్తుంది. అది చూసి ఆపుతాను" అంది.

"బయట బెంచీ మీద అన్నీ వినపడతాయి."

ఆమె ఆ మాట పెదవుల మీద చదివింది. నమ్మలేనట్టు ప్లైవుడ్ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించి నిలబడింది. ఎంత కొట్టినా ఆ గోడ ఆమెకు రాయితో సమానమే. "ఎవరెవరివి వెళ్ళాయి?" అని అడిగింది. డ్రైవరు భార్యదీ గుమాస్తాదీ చిట్టి చెప్పింది. ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది.

మర్నాటికి బెంచీ కిందికి దిగి షాపు ముందు ఎండలో పడింది. వంతు కోసం వచ్చినవాళ్ళు అక్కడే కూర్చోవాలి. బేకరీ ఆవిడ మోకాళ్ళు ఆ వారంలోనే నయమయ్యాయి, రావడం మానేసింది. పక్క వీధి కోడలు ఏదో వద్దనుకుందట అన్న మాట ఒకటి బేకరీ దాకా వెళ్ళింది గానీ, ఏది వద్దనుకుందో ఎవరికీ తెలియక, ఉద్యోగమే అయి ఉంటుందని తేల్చుకుని వదిలేశారు. అత్తగారు కూడా అదే అనుకుని, ఒళ్ళు కుదురుకున్నాక పనికి వెళ్ళమ్మా, నేనేం కాదనను అంది. అక్క ఆ రాత్రి నిద్రపోయింది, తరవాతి రాత్రి పోలేదు, మళ్ళీ ఒక రాత్రి పోయింది. చిట్టి పోరు పడలేక డాక్టరమ్మ రాసిన చీటీ బయటికి తీసి, ఆ రెండో డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళింది. మేడమీదికి వెళ్ళడం మాత్రం మానలేదు. ఆ చేతుల్లో ఏదైనా ఉందా, లేక నోరు విప్పడంలోనే ఉందా అని అడిగితే అక్క తనకు తెలియదంది. చిట్టికి మాత్రం శక్తి మీద నమ్మకం ఆ రోజూ లేదు, ఈ రోజూ లేదు.

వీధి తన మాట మార్చుకోలేదు. గుట్టు బయటపడుతుందని భయం పట్టుకుని బెంచీ కిందికి దించింది, ఇప్పుడు ఇంకా జాగ్రత్తగా అమ్ముకుంటోంది అన్నాడు బేకరీ ఆయన. చిట్టి ఎవరితోనూ వాదించలేదు. చెవుడని తెలిస్తే జనం రావడం మానేస్తారేమోనని, చేతులమ్మ అడగకపోయినా, ఆ సంగతి కడుపులోనే పెట్టుకుంది.

చేతులమ్మ వయసులో ఉన్నప్పుడంతా నేతమిల్లులో, మగ్గాల షెడ్డులో పనిచేసింది. ఆ రొదకు ఆమె రెండు చెవులూ మిల్లు మూతపడకముందే పోయాయి.